తోడుపెట్టిన పాలు

చిత్తూరు,
8 డిసెంబరు 2024

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది: "తాతా, నాన్న జీతం ఇరవై వేలు కదా, బ్యాంకులో పద్దెనిమిది వేల ఇరవయ్యే పడింది. మిగతాది ఎవరు ఎత్తుకున్నారు?" పక్కన్నించి మీ నాయన "పట్టుకుంటార్లే అమ్మా" అని ఊరుకున్నాడు. వాడెప్పుడూ అంతే. నవంబరు జీతం చీటీ వాట్సాప్‌లో తెప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

ఎడమ పక్క వచ్చేది, కుడి పక్క పోయేది. ఎడమ పక్క బేసిక్, అంటే అసలు జీతం, 14,000, ఇంటద్దె అలవెన్సు 5,000, ఓవర్‌టైం 1,000. అన్నీ కలిపితే 20,000, దీన్నే గ్రాస్ అంటారు. పొద్దున మన ఆవును పితికితే బకెట్టు నిండుతుంది చూశారా, అది ఇదే, నురగతో సహా.

అవ్వ ఆ పాలన్నీ పాలకేంద్రానికి పంపదు కదా. ఒక చెంబెడు తీసి కాచి తోడు పెడుతుంది. సాయంత్రం కాఫీకి అడిగినా ఇవ్వదు. అంతమాత్రాన ఆ పాలు పోయినట్టా? పెరుగవుతాయి, వెన్నవుతాయి, ఎప్పుడో పండక్కి నెయ్యవుతాయి. కుడి పక్క మొదటి వరసలో పీఎఫ్, అంటే ముందుముందు అవసరానికి దాచే భవిష్య నిధి, 1,680 ఉందే, అది ఆ చెంబు. బేసిక్‌లో నూటికి 12 చొప్పున తీస్తారు. ఇంటద్దె మీద, ఓవర్‌టైం మీద తియ్యరు. ఇందులో చీటీ చెప్పని సంగతి ఒకటుంది. కంపెనీ కూడా తన బకెట్టులోంచి ఇంకో 1,680 పోస్తుంది. అందులో 1,166 పింఛను కుండలోకి పోతుంది, మిగిలిన 514 మీ నాయన చెంబులోనే పడుతుంది. 2023-24 సంవత్సరానికి ఆ చెంబు మీద వడ్డీ నూటికి 8.25. తోడు వేసిన పాలు గట్టిపడటం లాంటిదే వడ్డీ కూడా, మనం నిద్రపోతున్నప్పుడు జరిగే పని.

పాలంటే గుర్తొచ్చింది. నాకు పదకొండేళ్ళప్పుడు మా పాలకేంద్రంలో పదిహేను రోజులకోసారి బిల్లు ఇచ్చేవాళ్ళు. పోసిన పాలు, వెన్న శాతం, దాణా మూట ఖరీదు, ఆవు అప్పు కంతు, అన్నీ అందులోనే. ఇప్పుడు తలుచుకుంటే అదీ జీతం చీటీయే, ఆవుది! మా అమ్మకు చదువు రాదు. దాణా మూట తెచ్చినప్పుడల్లా వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఒకసారి బిల్లు చదవమంటే "దాణా, రెండు మూటలు" అని చదివాను. గోడ మీద గీత ఒకటే. అమ్మ కొంగు బిగించి, నన్ను వెంటబెట్టుకుని పోయింది. రాసినాయన నసిగాడు గానీ మూట డబ్బులు తిరిగొచ్చాయి. దారిలో నాకు పావలా బొరుగులు కొనిచ్చింది. చదివినందుకు నాకు దొరికిన మొదటి కూలి అదే.

సరే, రెండో వరస ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, 150. గ్రాస్‌లో నూటికి ముప్పావు రూపాయి. జీతం 21,000 దాటనివాళ్ళకే ఇది. ఊళ్ళో ఎవరింట్లో జబ్బు చేసినా పనికొస్తాయని తలా ఒక గరిటెడు పోసిన పాలనుకోండి. కంపెనీ గరిటె పెద్దది, 650. పోయినేడు చిన్నోడికి జ్వరమొస్తే తిరుపతి ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకుపోయారు కదా, ఆ మందులు ఈ గరిటెల్లోవే.

మూడోది వృత్తి పన్ను, 150. దీనికి పాలల్లో పోలిక దొరకలేదు. పిల్లి తాగిందందామా అంటే, పిల్లి కొలుచుకుని తాగదే! ఇది రాష్ట్ర ప్రభుత్వానిది. మన రాష్ట్రంలో జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. మీ నాయన ఇంకొక్క రూపాయి ఓవర్‌టైం చేసుంటే ఇంకో యాభై పోయేది! ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. పిల్లే అయినా మెడకు తాడుంది.

1,680, 150, 150 కలిపి 20,000లోంచి తీసేసి చూడండి. బుజ్జి చెప్పిన అంకె వస్తుంది.

ఇప్పుడు మీకొక పని. చీటీలో పట్టుకున్నట్టు రాసినంత మాత్రాన చెంబులో పడినట్టు కాదు. ఏ నెల జీతంలో పట్టుకున్నది ఆ తర్వాతి నెల 15లోపు కంపెనీ కట్టాలి, అంటే నవంబరుది ఈ డిసెంబరు 15లోపు. కాబట్టి ఈ నెలాఖరున ఒక రాత్రి అన్నాలయ్యాక మీ నాయన పక్కన కూర్చోండి. చీటీ పైన యూఏఎన్ అని మీ నాయన పీఎఫ్‌కు సంబంధించిన పన్నెండంకెల నంబరుంటుంది. దాంతో ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవమనండి. విసుక్కుంటాడు, వదలొద్దు. నవంబరు వరసలో 1,680, పక్కన 514, ఆ పక్కన 1,166 ఉన్నాయా చూడండి. బుజ్జి చదవాలి, చిన్నోడు చీటీతో సరిపోల్చాలి. కింద మొత్తం ఎంతుందో కాగితం మీద రాసుకుని సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురండి. అవ్వకు చదివి వినిపించాలి, బొరుగులు తెప్పించి ఉంచుతాను.

మీ తాత