చట్టం చూపు ఆనని వృద్ధాశ్రమాలు

ఓ మామూలు ఇంట్లో ఆరేడుగురు వృద్ధులను ఉంచి చూసుకునే చిన్న ఆశ్రమంలో నిర్లక్ష్యం బయటపడినప్పుడల్లా మాట నిర్వాహకుల దురాశ మీదికే పోతుంది. దురాశ ఉండదని కాదు గానీ, ఈ ఆశ్రమాల చరిత్ర బాగా నమోదైన అమెరికా, బ్రిటన్‌లను చూస్తే, పెద్ద సంస్థలను బాగుచేయడానికి తెచ్చిన చట్టాలే చాలాసార్లు వృద్ధులను పర్యవేక్షణ లేని చోటికి నెట్టాయని అర్థమవుతుంది.

దిక్కులేని ముసలివారికి ఒకప్పుడు మిగిలింది పేదల శాల ఒక్కటే. ఇంగ్లండులో 1834 నాటి చట్టం వర్క్‌హౌస్ అనే ఆ శాలలోని బతుకు బయటి నిరుపేద కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలని కావాలనే నిర్ణయించింది. గత్యంతరం లేనివారు తప్ప మరెవరూ ఆ గడప తొక్కకూడదన్నది దాని ఉద్దేశం. అమెరికాలోనూ అలాంటి శాలలే ఉండేవి. వాటి మీద పేరుకున్న ఏవగింపు వల్లనే 1935లో అక్కడ సామాజిక భద్రతా చట్టం తెచ్చినప్పుడు, ప్రభుత్వ శాలల్లో ఉండేవారికి వృద్ధాప్య సహాయం ఇవ్వకూడదన్న నిబంధన పెట్టారు. చేతిలో నాలుగు డబ్బులుంటే ముసలివారు తమ ఇళ్లలోనే గౌరవంగా బతుకుతారని చట్టం రాసినవారి ఆశ. అయితే మంచం మీంచి ఒంటరిగా లేవలేనివారికి, వెళ్లడానికి సొంత ఇల్లంటూ లేనివారికి ఆ డబ్బు ఒక్కటే ఏం చేస్తుంది? ఖాళీ గదులున్న గృహస్థులు, ఉద్యోగాలు పోయిన నర్సులు అలాంటివారిని తమ ఇళ్లలో చేర్చుకుని, వారి సహాయధనాన్నే అద్దెగా, తిండి ఖర్చుగా తీసుకోవడం మొదలుపెట్టారు. వృద్ధాశ్రమాలకు లైసెన్సులిచ్చే వ్యవస్థ ఉండాలని రాష్ట్రాలను కేంద్రం అడిగింది 1950లో. అప్పటికి పదిహేనేళ్లు గడిచిపోయాయి.

1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సహాయ పథకాలు వచ్చాయి. వాటి డబ్బు వైద్య ప్రమాణాలు అందుకోగల నర్సింగ్ హోమ్‌లకు, అంటే నర్సుల సంరక్షణలో వృద్ధులు నివసించే పెద్ద సంస్థలకు చేరింది. అందుకోలేని చిన్న ఇళ్లు తిండీ బసా ఇచ్చేవిగా మిగిలిపోయాయి. 1974లో పేద వృద్ధులకూ వికలాంగులకూ నెలనెలా నేరుగా సొమ్ము అందే పథకం అమలులోకి రావడం, అదే కాలంలో మానసిక చికిత్సాలయాలు ఖాళీ అవుతూ ఉండడం వల్ల ఈ ఇళ్లకు గిరాకీ పెరిగింది. 1976లో వీటికి ప్రమాణాలు నిర్దేశించాలని రాష్ట్రాలను ఆదేశిస్తూ కీస్ సవరణ వచ్చింది. విచిత్రం దాని శిక్షలో ఉంది: ప్రమాణాలు పాటించని ఇంట్లో ఉంటున్న వ్యక్తికి అందే సహాయంలోనే కోత పడుతుంది. తప్పు నడిపేవారిది, జరిమానా మంచంలో ఉన్నవారికి. ఇలాంటి నిబంధనను అమలు చేయడానికి అధికారులకు చేయి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1987లో నివాసుల హక్కులను స్పష్టంగా రాసి, మంచానికి కట్టేసే పద్ధతిని కట్టడి చేసిన గొప్ప సంస్కరణ చట్టం కూడా మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లకే వర్తించింది. చిన్న ఆశ్రమాల దుస్థితిని జాతీయ విషాదంగా పేర్కొంటూ 1989లో క్లాడ్ పెప్పర్ నేతృత్వంలోని కాంగ్రెస్ ఉపసంఘం నివేదిక ఇచ్చింది.

బ్రిటన్‌లో ఆలోచన ఇంకాస్త ఆశావహంగా మొదలైంది. వర్క్‌హౌస్‌ల స్థానంలో పాతిక ముప్పైమంది ఉండే, హోటల్ లాంటి నివాసాలు రావాలని 1948 నాటి చట్టాన్ని తెచ్చిన మంత్రి అనూరిన్ బెవన్ కోరుకున్నాడు. కానీ 173 ఆశ్రమాలు తిరిగి చూసి సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ 1962లో ప్రచురించిన అధ్యయనంలో పాత వర్క్‌హౌస్ భవనాలే ఇంకా కొనసాగుతున్న వైనం కనిపించింది. 1980ల్లో ప్రభుత్వ సహాయంతో ప్రైవేటు ఆశ్రమాలు వేగంగా పెరిగాయి. 1984 చట్టం వాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూనే నలుగురి కన్నా తక్కువమంది ఉండేవాటిని వదిలేసింది. ఆ లోపాన్ని సరిదిద్దే సవరణకు 1991 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ చిన్న ఆశ్రమంలో నిర్లక్ష్యం ఎలా ఉంటుంది? కొట్టడం, తిట్టడం కన్నా అది చాలా నిశ్శబ్దమైనది. నీళ్ల గ్లాసు బల్ల మీదే ఉంటుంది, చేయి మాత్రం అందదు. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ముందు ఎర్రబడి, తర్వాత చితికి పుండవుతుంది. రాత్రి ఒక్క ఆయా మాత్రమే ఉన్న ఇంట్లో ఆమె నిద్రపోతే ఆ పని ఆగినట్టే. మర్నాడు రాత్రంతటి వివరాలూ ఒకే పెన్నుతో, ఒకే బిగిన చార్టులో నిండిపోతాయి. పెద్ద సంస్థలో డ్యూటీ మారినప్పుడు వచ్చే నర్సో, పక్క మంచం వారిని చూడవచ్చిన బంధువో ఆ పుండును గమనించే అవకాశం కొంతైనా ఉంటుంది. ఇక్కడ యజమాని, వంటమనిషి, మందులిచ్చేవారు, పింఛను డబ్బు చూసేవారు తరచుగా ఒక్కరే. ఫిర్యాదు చెప్పుకోవాల్సిందీ వారికే.

తనిఖీకి వచ్చిన అధికారి అన్నీ కళ్లారా చూసినా చిక్కు తీరదు. లైసెన్సు రద్దు చేస్తే ఆ ఆరుగురినీ సాయంత్రంలోగా ఎక్కడికి పంపాలో ఆయనే చూడాలి. ఖాళీ మంచాలు దొరకవు, దొరికినా ఆ సహాయధనానికి చేర్చుకునేవారుండరు. అందుకే చాలాసార్లు గడువు ఇస్తూ ఒక నోటీసు రాసి వెళ్లిపోతాడు.