తినని పాముకు వేడి, ఊడని కుబుసానికి తడి

కొండచిలువ పిల్లను కొత్తగా పెంచుకునేవాళ్ల కంగారంతా దాదాపు రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది. ఒకటి, అది తినడం లేదు. రెండు, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. పెంపుడు కుక్క ఒక్క పూట గిన్నె ముట్టకపోతేనే మనసు ఆగదు. ఆ అలవాటుతోనే పాము దగ్గరికి వస్తే, రెండు వారాలు తినకపోయేసరికి టెన్షన్ నెత్తికెక్కుతుంది. తీరా చూస్తే లోపం పాములో కన్నా అది ఉన్న పెట్టెలోనే ఎక్కువసార్లు దొరుకుతుంది. పాము ఆకలి వేడి మీద, కుబుసం తడి మీద ఆధారపడి ఉంటాయి. ఈ రెండూ సరిగ్గా కుదిరి, మన చెయ్యి కాస్త తక్కువగా పడితే, మిగతాది చాలావరకు అదే చూసుకుంటుంది.

పెంపుడు కొండచిలువల్లో ఎక్కువగా కనిపించేది బాల్ పైథాన్ కాబట్టి ఇక్కడి మాటలన్నీ దాని గురించే. శాస్త్రీయ నామం పైథాన్ రీజియస్. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ మొదలుకొని ఉగాండా దాకా దీని నివాసం. పెద్దదయినా సాధారణంగా మీటరున్నర దాటదు. భయమేస్తే తలను లోపలికి లాక్కుని ఉండలా చుట్టుకుపోతుంది. బాగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అంటే తొందరపడాల్సిన పని దానికీ లేదు, మనకూ లేదు.

పొంచి ఉండి వేటాడే పాముల ఒళ్లు ఖాళీ కడుపుకు అలవాటు పడింది. 1990లలో స్టీఫెన్ సెకోర్, జారెడ్ డైమండ్ బర్మీస్ కొండచిలువల మీద చేసిన పరిశోధనలు ఈ సంగతిని విప్పిచెప్పాయి. తిండి లేని రోజుల్లో వాటి పేగులు కుంచించుకుపోతాయి, జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం ఆగిపోతుంది. ఒక్కసారి భారీగా మింగాయంటే ఒకటి రెండు రోజుల్లోనే చిన్నపేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఒంట్లో శక్తి ఖర్చు మామూలుగా ఉండేదానికి 40 రెట్ల దాకా ఎగబాకుతుంది. 48 గంటల్లో గుండె జఠరికల కండరం 40 శాతం పెరుగుతుందని 2005లో మరో బృందం తేల్చింది. తిన్నది అరిగాక ఇదంతా మళ్లీ తగ్గిపోతుంది. వారాల తరబడి ఖాళీగా ఉండి, ఒక్కసారిగా యంత్రాలన్నీ ఆన్ చేయడం ఈ జీవి పద్ధతి.

అయితే ఆ యంత్రం నడవడానికి కావాల్సిన వేడి పాము ఒంట్లో పుట్టదు, బయటి నుంచి రావాలి. వేడి చాలకపోతే మింగిన ఎలుక అరగక లోపలే కుళ్లుతుంది. కాబట్టి చల్లటి పెట్టెలో ఉన్న పాము తిండి వద్దనడం మొండితనం కాదు, తెలివైన పనే. పెట్టెలో ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉంటే, తనకు ఎప్పుడు ఎంత కావాలో అది అటూ ఇటూ కదిలి తేల్చుకుంటుంది. వేడి ఇచ్చే పరికరం ఏదైనా సరే, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదు. కాలుతున్న చోటు నుంచి పాము చటుక్కున లేచి పోతుందనుకుంటాం. పోదు. పొట్ట కాలిపోయేదాకా అక్కడే పడుకున్నవి ఉన్నాయి. అద్దానికి అతికించే స్టిక్కర్ థర్మామీటర్‌ను నమ్ముకోవడం కూడా దండగే. అది అద్దం వేడిని చెబుతుంది, పాము పడుకున్న చోటిది కాదు. వైరు చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటరు తెచ్చి, ఆ ప్రోబ్‌ను పాము పడుకునే చోటే పెట్టాలి.

ఇక తినకపోతే ఎన్నాళ్లు ఆగాలి? ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే జవాబు, ‘పాములు నెలల తరబడి తినకపోయినా ఏం కాదు’ అని. ఎదిగిన పాము విషయంలో ఈ మాట చాలావరకు నిజమే. ముఖ్యంగా మగవి జతకట్టే కాలంలో నెలల కొద్దీ తిండి మానేసి, మళ్లీ వాటంతట అవే మొదలుపెడతాయి. పిల్ల విషయంలో మాత్రం ఈ భరోసా పనికిరాదు. గుడ్డులోంచి వచ్చినప్పుడు అది వంద గ్రాములు కూడా తూగదు, ఒంట్లో నిల్వ ఉండే కొవ్వూ తక్కువే. పుట్టగానే తినదు కూడా. పొట్టలో మిగిలిన పచ్చసొనతో వారం పది రోజులు గడిపి, మొదటి కుబుసం విడిచాకే నోరు తెరుస్తుంది. అందుకే అప్పటికే కొన్నిసార్లు తిని అలవాటు పడిన పిల్లనే తెచ్చుకోవడం మంచిది. ఎప్పుడెప్పుడు ఏం తిందో రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. అలాంటి లెక్క చూపించలేని చోట కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

పిల్లకు పెట్టే ఎలుక దాని ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటి మందాన ఉంటే చాలు. బరువు లెక్కన చెప్పాలంటే పాము బరువులో 10 నుంచి 15 శాతం. 100 గ్రాముల పిల్లకు 10, 15 గ్రాముల ఎలుకన్నమాట. మొదటి నెలల్లో అయిదు నుంచి ఏడు రోజులకు ఒకసారి, ఎదిగే కొద్దీ ఎడం పెంచుకుంటూ పోతే, పెద్ద పాముకు రెండు మూడు వారాలకు ఒకటి సరిపోతుంది. తొందరగా పెద్దది కావాలని వారానికి రెండు మూడు కుక్కేవాళ్లూ ఉన్నారు. అలా పెరిగేది ఎక్కువగా కొవ్వే.

వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. మూత ఉన్న డబ్బాలో పామును పెట్టి వారానికోసారి తూచి, తేదీ వేసి రాసుకోండి. తినకపోయినా బరువు నిలకడగా ఉంటే ఆగవచ్చు. పిల్ల బరువు పదో వంతు తగ్గిందంటే ఇక ఎదురుచూపులు చాలు, సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. భయం ఎంత ఉండాలో త్రాసు చెబుతుంది, మన కళ్లు చెప్పలేవు.

వేడి సరిగ్గానే ఉన్నా తినడం లేదంటే, తర్వాత చూడాల్సింది దాక్కునే చోటు. విశాలమైన గాజు పెట్టె మన కళ్లకు బాగుంటుంది గానీ పిల్ల పాముకు అది నలువైపులా శత్రువులు చూసే మైదానం. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, లోపల చుట్టుకుంటే గోడలు ఒంటికి తగిలేంత ఇరుకైన గూళ్లు రెండు కావాలి. కొత్తగా తెచ్చినప్పుడు కనీసం ఒక వారం ముట్టుకోకూడదు. రోజూ బయటికి తీసి చేతిమీద పాకించి, రాత్రికి తిండి పెడితే అది తినకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక పెట్టే పద్ధతి. బాల్ పైథాన్ పై పెదవి వెంట వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి వేడిని పసిగట్టే అవయవాలు. అక్కడి నరాల్లో ఈ పని చేసే ప్రోటీన్ టీఆర్‌పీఏ1 అని 2010లో కనుక్కున్నారు. చీకట్లో వెచ్చటి ఎలుక దానికి తన పరిసరాల మీద వెలుగుతున్నట్టే తెలుస్తుంది. తిండి కోసం చంపి గడ్డకట్టించిన ఫ్రీజర్ ఎలుకను పైపైన కరిగించి చల్లగా ముందు పెడితే, అది దాని దృష్టిలో తిండే కాదు. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో ఉంచి కరగనివ్వాలి. పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో వేసి, వేడినీళ్లలో ఉంచి 38 నుంచి 40 డిగ్రీలకు తేవాలి. మైక్రోవేవ్ జోలికి వెళ్లొద్దు. ఒకచోట ఉడికి, ఇంకోచోట గడ్డగట్టి, ఒక్కోసారి పొట్ట పగిలిపోతుంది.

చీకటి పడ్డాక, లైటు తగ్గించి, పొడవాటి పటకారుతో ఎలుకను మెడ వెనక పట్టుకుని గూటి ముందు మెల్లగా కదిలించండి. మొదట నాలుక వస్తుంది. నెమ్మదిగా బయటికొచ్చి, గాల్లో కాసేపు ఆడి, లోపలికి పోతుంది. తర్వాత మెడ ఇంగ్లిష్ అక్షరం ఎస్‌లా వంకర తిరుగుతుంది. అక్కడ ఊపిరి బిగబట్టి ఆగిపోవాలి. ఎలుకను దాని మూతికి తగిలించి ‘తినవే’ అని బతిమాలితే తల ముడుచుకుంటుంది. కాటు పడ్డాక వెంటనే పటకారు వదిలేయకుండా, రెండు మూడు సార్లు సుతారంగా లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. దీనికి కారణం ఉంది. చచ్చిన ఎలుకల్లో కృత్రిమ గుండెను కొట్టించి బోవా పాములకు ఇచ్చి చూస్తే, ఆ చప్పుడు తెలుస్తున్నంతసేపు అవి ఎక్కువగా బిగించాయని 2012లో తేలింది. బోవాలు కొండచిలువలు కావు గానీ పట్టి బిగించే విద్య రెండిటికీ ఉంది.

బతికున్న ఎలుకనే పెట్టాలన్న పట్టుదల నాకు నచ్చదు. మూలకు చిక్కిన ఎలుక కరుస్తుంది, ఆకలి లేని పామును కొరికి గాయాలు చేస్తుంది. అడవిలో తినేది వేరు కదా అంటారు కొందరు. నిజమే, అక్కడ అది తినేది ఎలుకలొక్కటే కాదు. నైజీరియాలో చేసిన ఒక అధ్యయనంలో 70 సెంటీమీటర్లలోపు పాముల తిండిలో పక్షులే ఎక్కువగా కనిపించాయి. అందుకే మొండికేసిన పిల్ల కోసం ఎలుక తలకు కోడిపిల్ల ఈక రుద్ది వాసన అంటించే చిట్కా ఒకటి వాడుకలో ఉంది, కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. బలవంతంగా నోరు తెరిచి కుక్కడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు.

తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోకూడదు. కక్కేసిందంటే దాదాపుగా వేడి తక్కువైందనో, ఎలుక పెద్దదైందనో, తిన్న వెంటనే ఎత్తుకున్నామనో అర్థం. వెంటనే ఇంకోటి పెట్టాలనిపిస్తుంది. వద్దు. గొంతు, పొట్ట కోలుకోవడానికి పది పద్నాలుగు రోజులు నీళ్లతోనే ఉంచి, ఈసారి సగం సైజుది ఇవ్వాలి.

ఇవన్నీ చూసుకున్నా తినకపోతే, దాని కళ్లకేసి చూడండి. పాలు కలిపిన నీలిరంగులోకి మారాయా? అయితే అది కుబుసానికి సిద్ధమవుతోంది. ఈ రోజుల్లో చాలా పాములు తినవు, పెట్టడమూ అనవసరం.

మన చర్మం రోజూ కంటికి కనపడని పొట్టుగా రాలుతుంది. పాముకు అలా కాదు. పాత పొర కింద పొలుసులతో సహా కొత్త పొర మొత్తం తయారవుతుంది. అప్పుడు ఆ రెండు పొరల మధ్య ద్రవం చేరి, వాటిని కలిపి ఉంచే బంధాలను ఎంజైములు కరిగిస్తాయి. ఆ ద్రవం వల్లే ఒళ్లు మసకబారుతుంది, కళ్లు నీలమవుతాయి. పొట్ట గులాబీరంగుకు తిరుగుతుంది. కొన్నాళ్లకు కళ్లు మళ్లీ తేటపడతాయి. ‘కుబుసం ఆగిపోయిందేమో’ అని చాలామంది పొరబడేది ఇక్కడే. ఆగలేదు, ద్రవం ఇంకిపోయింది, అంతే. మరో రెండు నుంచి నాలుగు రోజుల్లో ఊడుతుంది. చూపు మసకేసిన రోజుల్లో పాము బెదురుగా ఉంటుంది, మామూలుగా సాధువులా ఉండేది కూడా బుస్సుమంటుంది. ఎత్తకండి. కింద కొత్త చర్మం ఇంకా లేతగా ఉంటుంది.

పిల్లలు వేగంగా ఎదుగుతాయి కాబట్టి నెలకో, నెలన్నరకో ఒకసారి కుబుసం విడుస్తాయి. మొదటి కుబుసానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా కాపాడేది చర్మంలోని కొవ్వు పొర. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ పిల్లల్లో చూస్తే, మొదటి కుబుసం తర్వాత నీటిని ఆపే శక్తి రెట్టింపయిందని 2002లో వెలువడిన పరిశోధన చెబుతోంది.

ఊడే రోజు పాము మూతిని రాయికో చెక్కకో రుద్దుకుంటుంది. పెదవుల అంచున పొర లేస్తుంది. ఆ లేచిన చోటును దేనికో తగిలించి ముందుకు పాకుతుంది. మేజోడును తిరగేసి లాగినట్టు కుబుసం మొత్తం వెనక్కి మడిచిపోతూ వచ్చేస్తుంది. పొలుసుల మధ్య మడతలన్నీ సాగిపోవడం వల్ల అది పాముకన్నా పొడవు ఉంటుంది, ‘అమ్మో ఇంత పెరిగిందా’ అని మురిసిపోనక్కర్లేదు. దాన్ని పారేయకుండా వెలుతురుకు ఎత్తి రెండు చోట్ల చూడాలి. తల దగ్గర రెండు గుండ్రటి పారదర్శక బిళ్లలు ఉన్నాయా, తోక కొస దాకా తెగకుండా వచ్చిందా.

ముక్కలుగా వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది తేమనే. మామూలు రోజుల్లో 55 నుంచి 65 శాతం, కళ్లు నీలమయ్యాక 70 దాటినా మంచిదే. నీళ్ల గిన్నె పెద్దది పెట్టడం, తేమ పట్టుకునే కొబ్బరిపీచు పొట్టు పరవడం, తడి నాచు నింపిన మూత డబ్బాకు కన్నం పెట్టి లోపల ఉంచడం, ఇవి చాలు. పెట్టె అడుగు మాత్రం చిత్తడిగా ఉండకూడదు. గాలి ఆడని చెమ్మలో పొట్ట పొలుసులు కుళ్లుతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది.

అంటుకుపోయిన ముక్కలుంటే 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు, పాము ఒళ్లు సగం మునిగేంత లోతు, 20 నిమిషాలు. పక్కనే ఉండండి. తర్వాత తడి టవల్ మడతల్లోంచి దాన్నే పాకనిస్తే చాలావరకు ఊడిపోతుంది. తోక చివర ఉంగరంలా మిగిలిన ముక్కను తేలిగ్గా తీసుకోవద్దు. అది ఎండి బిగుసుకుని రక్తం ఆపేస్తే ఆ కొస నల్లబడి పోతుంది.

కంటి మీద మిగిలిన పొర సంగతి పూర్తిగా వేరు. పాములకు రెప్పలు లేవు. కంటిని కప్పి ఒక పారదర్శకమైన పొలుసు ఉంటుంది, దాని పైపొరే కుబుసంతో పాటు ఊడుతుంది. ఆ పొలుసులో రక్తనాళాలు ఉన్నాయి. చూపు అవసరమైనప్పుడు పాము వాటిలో రక్త ప్రవాహాన్ని తగ్గించుకుంటుందని 2013లో కోచ్‌విప్ పాముల మీద చేసిన పరిశోధనలో చూశారు. అంత సజీవమైన కణజాలం మీద పట్టుకారు, గోరు, సెలోటేపు ప్రయోగాలు చేస్తే పాత పొరతో పాటు కన్నే పోవచ్చు. ఒకసారి మిగిలితే తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగండి, చాలాసార్లు రెండూ కలిసి ఊడతాయి. పొర మీద పొర పేరుకుంటే డాక్టరే తీయాలి.

తేమ సరిగ్గా ఉన్నా ప్రతిసారీ ముక్కలే వస్తుంటే పొలుసుల సందుల్లో, కళ్ల చుట్టూ నల్లటి చుక్కల్లాంటి పేలు కదులుతున్నాయేమో చూడాలి. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఈల లాంటి శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, వెన్నెముక గట్టులా పైకి తేలడం, రెండోసారి కక్కడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు బరువుల పుస్తకం, చివరి కుబుసం, పెట్టె ఫోటో, రెండు వైపుల ఉష్ణోగ్రత, తేమ అంకెలు పట్టుకెళ్లండి. పామును చేతిలోకి తీసుకునేముందు ఆయన అడిగేది వీటి గురించే.