అద్దపు యాక్రిలిక్ మీద లేజర్ చెక్కడం: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

అద్దంలా మెరిసే యాక్రిలిక్ (గాజులా ఉండే ప్లాస్టిక్) షీట్ మీద లేజర్‌తో చెక్కిన పేరు ఒకచోట మసకగానూ, మరొకచోట జంట గీతలుగానూ కనబడుతోందని, యంత్రం చెడిందేమోనని రాశారు. యంత్రాన్ని అనుమానించే ముందు ఆ షీట్‌లో ఏమేమి పొరలున్నాయో తెలుసుకోండి.

ముందువైపు ఉండేది పారదర్శకమైన యాక్రిలిక్. దాని వెనుక శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన, అతి పలుచని అల్యూమినియం పొర ఉంటుంది. అది గీసుకుపోకుండా దాని మీద రంగు పూత, సాధారణంగా బూడిదరంగుది, వేస్తారు. మెరుపంతా ఆ నడిమి పొరదే. మీరు ముందువైపు చెక్కితే గీత పైన ఉంటుంది, దాని ప్రతిబింబం లోపల ఉంటుంది. 3 మి.మీ. మందం ఉన్న షీట్‌లో ఆ ప్రతిబింబం 6 మి.మీ. లోతున ఏర్పడాలి గానీ, యాక్రిలిక్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.49 కావడం వల్ల, ఎదురుగా చూసేవారికి దాదాపు 4 మి.మీ. లోతులోనే ఉన్నట్టు తోస్తుంది. జంట గీతలకు కారణం ఇదే. పవర్, స్పీడ్ ఎంత మార్చినా అవి పోవు.

అందుచేత బొమ్మను కుడిఎడమలుగా తిప్పి, షీట్‌ను బోర్లించి, వెనుకవైపు నుంచి చెక్కండి. పూతా, అల్యూమినియమూ తొలగిపోయి, కిరణం యాక్రిలిక్‌ను తాకీ తాకగానే ఆగిపోవాలి. తొక్క తీస్తూ పండుకు గాటు పడకుండా చూసుకోవడం లాంటి పని ఇది. చెక్కిన షీట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. బూడిదరంగు మసక మిగిలితే పూత పూర్తిగా పోలేదన్నమాట. ముందు ఫోకస్ సరిచూసి, తర్వాత స్పీడ్ కొద్దిగా తగ్గించండి. అడుగు గరుకుగా, కరిగినట్టుగా ఉంటే వేడి ఎక్కువైంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ వెలువరించే 10.6 మైక్రోమీటర్ల పరారుణ కిరణాన్ని యాక్రిలిక్ బాగా పీల్చుకుంటుంది కనుక, పూత దాటిన వేడంతా దానికే చేరుతుంది. సన్నని చారలు వరుసగా మిగిలితే, కిరణం పక్కపక్కనే గీసుకుంటూ పోయే గీతల మధ్య దూరం కిరణపు బిందువు కన్నా ఎక్కువగా ఉందని అర్థం: బిందువు 0.1 మి.మీ. ఉండగా దూరం 0.2 మి.మీ. పెడితే మధ్యలో పూత ఎలా పోతుంది? తుక్కు ముక్క మీద, ఒకసారికి ఒక్క అమరికే మార్చి చూడండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

మిగిలిన మసిని సబ్బు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవండి. ఆల్కహాల్ వాడవద్దు; లేజర్ వేడి తగిలిన యాక్రిలిక్‌లో అది సన్నని పగుళ్లు తెప్పిస్తుంది. కోసేటప్పుడు అడుగున ఉన్న ఇనుప జాలీ నుంచి కిరణం తిరిగి కొట్టి ముందువైపు మచ్చలు పడతాయి కనుక, ఆ వైపు షీట్‌కు అంటించి ఉండే రక్షణ పొర తీయకుండా, షీట్‌ను జాలీకి కాస్త ఎత్తులో నిలపండి. ఆ పొర పీవీసీతో చేసినదైతే మాత్రం తీసేయాల్సిందే, దాన్ని కాలిస్తే విషవాయువు వస్తుంది.

నీలికాంతి డయోడ్ లేజర్‌తో ఇదే పని చేయవచ్చా అని చిన్నది అడిగింది. ఆ కాంతి పారదర్శక యాక్రిలిక్‌లోంచి సూటిగా దాటి, అల్యూమినియం మీద పడి తిరిగి వస్తుంది, కంటికి ప్రమాదం. ముందువైపు నుంచి ఆ ప్రయత్నం చేయవద్దు. ఏ లేజర్ అయినా, తగిన రక్షణ కళ్లజోడు లేకుండా, పెద్దవారు పక్కన లేకుండా మొదలుపెట్టకండి; యాక్రిలిక్ ఇట్టే మంటందుకుంటుంది కాబట్టి, పని పూర్తయ్యేవరకూ యంత్రం దగ్గరే ఉండండి.

మీ తాతయ్య