ఉదయగిరి: కొండ మీద కోట, కొండ కింద గరిటెలు

ఉదయగిరి మాట ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు రోప్‌వే అంటారు, ఇంకొకరు రిసార్టు అంటారు. ఇంత పెద్ద కొండ, ఇంత పాత కోట పెట్టుకుని ఊళ్ళో కుర్రాళ్ళు చెన్నైకీ బెంగళూరుకీ బస్సెక్కుతున్నారంటే అలాంటి ఆశ పుట్టడం సహజమే. కాకపోతే ఈ ఊరు ఎట్లా బతికిందో, ఎక్కడ చితికిందో కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే రిసార్టు కంటే ముందు చేయాల్సిన పనులు కనపడతాయి.

నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. వెలికొండల్లో 3,079 అడుగుల ఎత్తు. కోట అని ఒక్క మాటలో అంటాం గానీ పాత గెజిటీర్ల లెక్కలో అవి 13 కోటలు, కొండ మీద 8, కింద 5. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గం మీదికి శ్రీకృష్ణదేవరాయలు వచ్చినప్పుడు పైకి పోవడానికి ఒకటే దారి, అదీ మనిషి వెనక మనిషి నడిచేంత ఇరుకు అని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. రాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి, బండలు పగలగొట్టించి దారులు తీయించాక గానీ 1514లో కోట లొంగలేదు. పోతూ పోతూ ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని కూడా తీసుకుపోయాడు. హంపీలో ఆ కృష్ణుడి కోసమే గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మన ఊరోళ్ళు చెన్నైకి వలసపోవడం ఆ కృష్ణుడితోనే మొదలైందని నవ్వుకోవచ్చు.

తర్వాత గోల్కొండ వాళ్ళొచ్చారు, ఆర్కాటు నవాబులొచ్చారు, జాగీర్దార్లొచ్చారు. అందుకే అదే కొండ మీద గుళ్ళూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం రాజద్రోహం నేరం మోపి ఆఖరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించేసింది. దాంతో కోటకున్న పనీ అయిపోయింది. కోట బతికినన్నాళ్ళు సైన్యానికి తిండి కావాలి, బట్ట కావాలి, ఇనుము కావాలి, అవన్నీ కింద ఊరే అందించాలి. కొనేవాడు పోయాక మిగిలింది వానను నమ్ముకున్న మెట్ట. డెల్టాలో వరి పండించుకునే నెల్లూరోళ్ళకి ఈ మెట్ట బాధ సరిగ్గా తెలియదంటే తప్పుపట్టరనే అనుకుంటున్నా.

అయినా ఊరి చేతుల్లో ఒక పని నిలబడింది, చెక్క గరిటెలు. కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కలివి, దేవదారి చెక్కలు తెచ్చి (ఈ దేవదారి మన మెట్ట అడవుల చెట్టు, హిమాలయాల దేవదారుతో దీనికి సంబంధం లేదు) రంపంతో కోసి, ఉలితో తొలిచి, ఆకురాయితో రాసి గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ ఇంటి పనంతా అయ్యాక కూర్చునే ఆడవాళ్ళు. నాన్‌స్టిక్ పెనాలు వచ్చాక వీటికి గిరాకీ పెరిగింది, చెక్క గరిటెతో పెనానికి గీత పడదు కదా. జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి షోరూముల్లో అమ్ముతారు. కానీ చెక్క అడవిలోది, అడవికి చట్టం ఉంది, ఆ చట్టంతో తగువు పెట్టుకుని చెంచా చేసే పరిస్థితి మంచిది కాదు. అట్లాగని చెట్లు నరుక్కోమనీ అనలేం. నర్ది పెంచకుండా నర్ది గరిటెను కాపాడతామంటే ఎట్లా?

బయట ఇలాంటి ఊళ్ళను ఎట్లా నిలబెట్టారో చూద్దాం. ఇటలీలో 1976 ఫ్రియులి భూకంపం తర్వాత ఖాళీ అయిన ఇళ్ళను ఏం చేయాలని ఆలోచిస్తుంటే పుట్టిన పద్ధతి ఒకటుంది. కొత్త భవనం కట్టరు, ఊళ్ళో చెదురుమదురుగా ఉన్న పాత ఇళ్ళే గదులు, ఊరంతా కలిపి ఒక హోటల్. అబ్రుజో కొండల్లోని సాంతో స్తెఫానో ది సెస్సానియో కథ నాకు బాగా నచ్చింది. ఒకప్పుడు ఉన్ని వ్యాపారంతో, ఫ్లోరెన్సును ఏలిన మెడిచీల కాలంలో వెలిగి, అది పోయాక వలసలతో చిక్కిపోయిన ఊరు. 1999లో మోటార్‌సైకిల్ మీద అటుగా వచ్చిన దానియేలే కిల్‌గ్రెన్ అనే ఆయన ఇళ్ళు కొని, గోడల మీది పొగమసిని కూడా చెరిపేయకుండా బాగు చేయించాడు. కొత్త కట్టడాలు రానివ్వకుండా పంచాయతీతో ఒప్పందం చేసుకున్నాడు. 2009 భూకంపంలో అక్కడి పాత బురుజు కూలిపోయినా ఊరు మాత్రం మళ్ళీ ఖాళీ కాలేదు. అయితే అక్కడ డబ్బున్న ఒక మనిషి ఇళ్ళు కొన్నాడు. మన దగ్గర అదే జరిగితే ఇల్లు అమ్ముకున్నోడు అదే హోటల్లో గదులు తుడుస్తాడు. అందుకే ఇల్లు ఇంటివాళ్ళ పేరు మీదే ఉండాలి.

మన మెట్టకి జనం రాకపోవడం కాదు సమస్య. పక్కనే ప్రకాశం వైపు భైరవకోనలో ఒకే కొండను తొలిచిన 8 శివాలయాలు, రాపూరు దగ్గర పెంచలకోన, రెండు చోట్లకీ జాతరలా వస్తారు. పొద్దున దిగుతారు, స్నానం, దర్శనం, పులిహోర, సాయంత్రానికి వెళ్ళిపోతారు. రాత్రి ఉంటేనే ఊరికి నాలుగు రూపాయలు మిగులుతాయి. ఉదయగిరిలోనూ అంతే, కోట ఎక్కి దిగేసరికి కాళ్ళు పీకుతాయి, పడుకోవడానికి గది వెతుక్కోవాలి. గరిటెలు చేసే ఇళ్ళల్లోనే రెండు మంచాలు, ఒక శుభ్రమైన బాత్‌రూమ్, రాత్రికి రాగిసంగటి, పొద్దున కొండెక్కించే కుర్రాడు ఉంటే చాలదా? రోప్‌వే ఖర్చులో ఎన్ని బాత్‌రూమ్‌లు వస్తాయో ఎవరైనా ఒకసారి లెక్కేసి చెప్పండి.