గాలి రేకును నొక్కదు, లాగుతుంది

బరంపురంలో మేడ మీది గదికో మగ్గం షెడ్డుకో పగటి వెలుతురు కావాలంటే, ఇనుప రేకుల మధ్య ఒకటి రెండు పారదర్శక ప్లాస్టిక్ రేకులు వేయించడం మామూలే. తుపానుకు అవి లేచిపోతే "ప్లాస్టిక్ కదా, ఆగదు" అని సరిపెట్టుకుంటాం. తప్పు చాలాసార్లు ప్లాస్టిక్‌ది కాదు, బిగింపుది.

వాలు తక్కువున్న కప్పు అంచును తాకిన గాలి కప్పును విడిచి పైకి లేస్తుంది. అక్కడ పీడనం పడిపోయి, రేకును పైకి లాగుతుంది. ఈ లాగుడు అంచుల్లో ఎక్కువ, మూలల్లో మరీ ఎక్కువ. గాలి వచ్చే వైపు తలుపు తెరుచుకుంటే కింది నుంచి తోపు కూడా తోడవుతుంది.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. 200 కిలోమీటర్లకు దాదాపు 190 కిలోలు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను గాలులు ఈ రెండో లెక్కలోవి. ఇలాంటి పారదర్శక రేకులకు వాడే ప్లాస్టిక్ పాలికార్బొనేట్. ఒక మిల్లీమీటరు మందమున్న ఆ రేకు చదరపు మీటరుకు కిలోన్నరకు అటూ ఇటూ తూగుతుంది. దాని మీద రెండు ఇసుక బస్తాలు పెట్టి నిశ్చింతగా పడుకునేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది.

పాలికార్బొనేట్ అంత సులువుగా పగలదు. కానీ ఉక్కుతో పోలిస్తే ఎనభై రెట్లకు పైగా తేలిగ్గా వంగుతుంది. రేకుకు బిగువునిచ్చేది దాని అలల ఆకారమే. గాలి లాగినప్పుడు కింద రేకును మోసే రెండు అడ్డ గొట్టాల మధ్య రేకు పైకి ఉబ్బుతుంది, అలలు చదునవుతాయి, ఉన్న బిగువూ పోతుంది. ఇనుప రేకుకు సరిపోయిన గొట్టాల దూరం దీనికి సరిపోదని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఆ దూరాన్ని సగం చేస్తే వంపు సుమారు పదహారో వంతుకు తగ్గుతుంది. ఒక్క గొట్టం అదనపు ఖర్చుకు ఇంత ఫలితం మరెక్కడా దొరకదు.

ఇక రేకును గొట్టానికి బిగించే మర (స్క్రూ) దిగిన చోటు. రాత్రి చలికీ మధ్యాహ్నపు ఎండకూ మధ్య రేకు వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే, మూడు మీటర్ల పాలికార్బొనేట్ రేకు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు రేకు మిల్లీమీటరున్నర లోపే. రంధ్రం మరకు ఇరుకుగా ఉంటే ఆ సాగుడుకు చోటుండదు, అంచున వెంట్రుక లాంటి పగులు పుడుతుంది. తుపాను రాత్రి గంటల తరబడి గాలి విసురుకు రేకు లేచి పడుతుంటే ఆ పగులే పాకుతుంది. చివరికి మర గొట్టానికే ఉంటుంది, రేకు ఉండదు. రంధ్రాన్ని మర కన్నా కొన్ని మిల్లీమీటర్లు పెద్దగా వేసి, వెడల్పాటి లోహపు వాషరు కింద ఈపీడీఎం అనే, ఎండావానలకు తట్టుకునే రబ్బరు పెట్టాలి. మెత్తటి పీవీసీ వాషరు వద్దు. అందులోంచి ఊరే రసాయనాలు పాలికార్బొనేట్‌ను పగలగొడతాయి.

ఎండను ఆపే పొర చాలా రేకులకు ఒక వైపే ఉంటుంది. ఆ వైపు కిందికి పోతే రేకు పచ్చబడి పెళుసుబారుతుంది. ఏది పైకి రావాలో రేకుకు అంటించిన ఫిల్ము మీద అచ్చు వేసి ఉంటుంది. మేస్త్రీ దాన్ని ఊడదీయకముందే చూసుకోండి. తీశాక రెండు వైపులూ ఒకేలా ఉంటాయి.