ట్రావర్టీన్ నేల: రంధ్రాలు, మచ్చలు, వాటి రసాయనం

రోమ్ పక్కనున్న టివోలి ప్రాంతంలో గంధకం వాసన వేసే ఊటలున్నాయి. భూగర్భంలోని సున్నపురాతి గుండా వచ్చే ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ మెండుగా ఉంటుంది. అది ఉన్నంతవరకే రాతిలోంచి కరిగిన కాల్షియం నీటిలో నిలుస్తుంది. నీరు పైకి రాగానే వాయువు గాలిలో కలిసిపోతుంది, కాల్షియం కార్బనేట్ పొరలుగా పేరుకుంటుంది. అదే ట్రావర్టీన్. మన బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలనూ ఇదే చర్య కట్టింది.

కొలోసియంను నిలబెట్టిన రాయి ఇదే. 1997లో లాస్ ఏంజిలెస్‌లో ప్రారంభమైన గెటీ సెంటర్ అనే మ్యూజియం భవనాలకూ ఈ రాయిని టివోలి నుంచే తెచ్చారు. అక్కడి గోడల మీద కొన్నిచోట్ల ఆకుల అచ్చులు స్పష్టంగా కనిపిస్తాయి. ఊటలో పడిన ఆకులు, నాచు రాతి పొరల్లో చిక్కి కుళ్లిపోయాక ఖాళీలు మిగిలాయి. వాయు బుడగలు మరికొన్ని మిగిల్చాయి. కనుక ఈ రాతిలోని రంధ్రాలను లోపమనడం సరికాదు. నేలకు వేసేటప్పుడు వాటిని సిమెంటుతోనో రెజిన్‌తోనో నింపుతారు. అయినా పలక లోపల దాగిన ఖాళీలు కొన్ని ఉంటాయి. వాటి మీది పలుచని పొర కుర్చీ కాలి ఒత్తిడికి విరిగి, కొత్త రంధ్రం తెరుచుకోవచ్చు. దాన్నీ అలాగే నింపితే సరిపోతుంది.

ఆమ్లంతోనే అసలు చిక్కు. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూమ్ యాసిడ్ ఏది పడినా కార్బనేట్ కరిగి, కార్బన్ డయాక్సైడ్ మళ్లీ బయటికి వస్తుంది. అక్కడ కనిపించే వెలిసిన మచ్చ మురికి కాదు, రాయి తరిగిపోయిన చోటు. ఎంత కడిగినా పోదు, అరగదీసి మళ్లీ పాలిష్ పట్టాలి. సీలర్ పూస్తే నూనె, కాఫీ లోపలికి ఇంకడం నెమ్మదిస్తుంది కానీ ఆమ్లాన్ని అది ఆపలేదు. ఈ తేడా చెప్పకుండా సీలర్ అమ్మడం కొనేవారికి అన్యాయం. తాండూరు, కడప బండలూ సున్నపురాళ్లే కాబట్టి వాటికీ ఈ జాగ్రత్త అవసరం. గ్రానైట్‌కు ఈ బెడద లేదు.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కాఠిన్య మానంపై (అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) ట్రావర్టీన్ 3, 4 మధ్య ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. చెప్పులకు అంటిన ఇసుకే గీతలు పెడుతుంది కనుక గుమ్మం దగ్గర మంచి పట్టా వేయాలి. అద్దంలా మెరిసే పాలిష్ కంటే మాట్ ఫినిష్ ఎంచుకోవడం మేలు. గీతలు, ఆమ్లపు మచ్చలు దాని మీద అంతగా కనిపించవు.