రెండోదే కదా అనుకుంటే: రెండో కాన్పు చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

"రెండోదే కదా, నీకన్నీ తెలిసినవే." ఈ మాట అత్తల నోట, భర్తల నోట, చాలాసార్లు గర్భిణుల నోటే వింటుంటాను. ధైర్యం చెప్పడానికే అంటారు. కానీ ఆ ధైర్యం చాటున చాలా విషయాలు జారిపోతాయి. మొదటి చెకప్ నాలుగో నెలదాకా వాయిదా పడుతుంది. ఐరన్ మాత్రలు డబ్బాలోనే ఉండిపోతాయి. పెద్దబిడ్డని స్కూల్ వ్యాన్ ఎక్కించే హడావుడిలో తల్లి టిఫిన్ పదకొండింటికి జరుగుతుంది.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లూ, భవనాల పనికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రసూతి వైద్యురాలిగా నేను చూసేది ఎక్కువగా వీళ్లనే. సంపాదన వేరైనా, రెండో కాన్పు గురించి వీళ్లు నమ్మే మాటలు మాత్రం ఇంచుమించు ఒకటే. వాటిలో కొన్నిటివల్ల నష్టమేమీ లేదు. కొన్నిటివల్ల ఉంది.

అపోహ: మొదటిది సాఫీగా జరిగింది కాబట్టి ఈసారి అన్ని టెస్టులు అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. మొదటిసారి ఏమీ కాకుండా, రెండోసారే ఇబ్బంది పెట్టే సమస్యలు ఉన్నాయి. తల్లి రక్తం నెగటివ్ గ్రూపై, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు జరిగేది చూడండి. మొదటి కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అప్పటికి మొదటి బిడ్డ బయటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆ బిడ్డకి ఏమీ కాదు. రెండో బిడ్డది కూడా పాజిటివ్ అయితే, ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వస్తాయి. కొన్నిసార్లు కడుపులోనే ప్రాణాపాయం కలుగుతుంది.

దీన్ని ఆపడానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. దాన్ని గర్భంలో 28వ వారం ప్రాంతంలో ఒకసారి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోసారి ఇస్తారు. అబార్షన్ జరిగినా ఇది అవసరమవుతుందో లేదో డాక్టర్‌ని అడగాలి. మీ గ్రూపు నెగటివ్ అయితే మొదటిసారి ఆ ఇంజెక్షన్ ఇచ్చారో లేదో కనుక్కోండి. ఈసారి మొదటి చెకప్‌లోనే చెప్పండి. ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ అనే రక్తపరీక్షతో యాంటీబాడీలు ఉన్నాయో లేదో తెలుస్తుంది.

షుగర్ సంగతి కూడా ఇంతే. మొదటిసారి గర్భంలో షుగర్ వచ్చి కాన్పయ్యాక తగ్గిపోతే, చాలామంది దాన్ని మరిచిపోతారు. అలాంటివాళ్లకి రెండోసారి వచ్చే అవకాశం ఎక్కువ. మొదటిసారి రానివాళ్లకీ ఈసారి రావచ్చు. అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ల పరీక్షను మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయించుకోవాలి. మొదటిసారి బీపీ పెరిగి ఇబ్బంది పడినవాళ్లు మూడో నెల దాటకముందే డాక్టర్‌ని కలవాలి. కొందరికి 12 వారాల నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతాం. ఆలస్యంగా వస్తే దానివల్ల కలిగే మేలు తగ్గిపోతుంది.

ఇంకొకటి, మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మొదటి కాన్పు పుట్టింట్లో, అంటే కర్నూల్లోనో నెల్లూరులోనో జరుగుతుంది. రెండోది బెంగళూరులో. మొదటి కాన్పు కాగితాలన్నీ అమ్మగారింటి బీరువాలో ఉంటాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని ఇవాళే మీ అమ్మగారికి ఫోన్ చేయండి. ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భాశయానికి ఏ రకం కోత పెట్టారు, రక్తం ఎక్కించారా అన్నవి మాకు అందులోనే దొరుకుతాయి. పొట్టమీద కనిపించే మచ్చని బట్టి లోపలి కోత ఎలాంటిదో చెప్పలేం.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు పెద్దబిడ్డని ఎత్తుకోకూడదు.

రెండేళ్ల బిడ్డకి ఈ మాట అర్థం కాదు. నిన్నటిదాకా ఎత్తుకున్న అమ్మ ఇవాళ చేతులు చాచడం లేదన్నదే తెలుస్తుంది. గర్భం మామూలుగా సాగుతున్నప్పుడు బిడ్డని ఎత్తుకోవడంవల్ల గర్భం పోదు. మీ శరీరం ఓర్చుకోగలిగినంతవరకు ఎత్తుకోండి. నడుం వంచి లేపకుండా మోకాళ్లు వంచి, బిడ్డని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎక్కువసేపు నిలబడి మోసే బదులు మీరు కూర్చుని ఒళ్లోకి రమ్మనండి. రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నా లెక్క వేరు. అప్పుడు డాక్టర్ చెప్పినట్టే చేయాలి.

అపోహ: మళ్లీ నెల తప్పగానే పెద్దబిడ్డకి పాలు మాన్పించాలి. ఆ పాలు పడవు.

ఆ పాలు చెడిపోవు. పెద్దబిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయన్నదీ, కడుపులోని బిడ్డకి బలం తగ్గిపోతుందన్నదీ నిజం కావు. గర్భం ఆరోగ్యంగా ఉండి, తల్లి సరిగ్గా తింటుంటే పాలు కొనసాగించవచ్చు. కాకపోతే నాలుగైదు నెలలకి చాలామందికి పాలు తగ్గుతాయి, రుచీ మారుతుంది. అందుకే కొందరు పిల్లలు తమంతట తామే మానేస్తారు. ఏడాది నిండని బిడ్డ అయితే పాలు తగ్గడం గమనించి, ఏం పెట్టాలో పిల్లల డాక్టర్‌ని అడగాలి. కాన్పయ్యాక వచ్చే ముర్రుపాలు పెద్దబిడ్డ తాగేసి అయిపోతాయేమోనన్న భయం అక్కర్లేదు. అయితే కొత్తబిడ్డకే ముందు పట్టించండి.

మాన్పించాలని మీకే అనిపిస్తే మాన్పించండి. అది మీ నిర్ణయం. వేపాకు పూసి ఒక్కరోజులో కాకుండా, రోజుకి ఒక పూట చొప్పున తగ్గించుకుంటూ రండి.

అపోహ: పెద్దవాడి జలుబు, జ్వరం వాడివే. కడుపులో బిడ్డకి సంబంధం లేదు.

దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొదటిసారి గర్భంతో ఉన్నప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఈసారి ప్లే స్కూల్‌కి వెళ్లే బిడ్డ ఉంది. సైటోమెగలో వైరస్ అని ఒకటి ఉంది, పొట్టిగా సీఎంవీ అంటారు. చిన్నపిల్లల లాలాజలంలో, మూత్రంలో నెలల తరబడి ఉంటుంది. పిల్లలకి మామూలు జలుబులా వచ్చిపోతుంది, ఒక్కోసారి అసలు తెలియదు కూడా. గర్భిణికి సోకితే కొందరిలో కడుపులోని బిడ్డకి చేరుతుంది. అలా చేరినవారిలో కొందరికి వినికిడి దెబ్బతింటుంది. మన దేశంలో చాలామంది ఆడవాళ్లకి ఇది చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది కాబట్టి ముప్పు తక్కువే. కానీ మళ్లీ సోకే అవకాశం పూర్తిగా లేకపోలేదు.

మన ఇళ్లలో తల్లి భోజనం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. బిడ్డ గిన్నెలో మిగిలిన పప్పన్నం పారేయడం ఇష్టంలేక తినేస్తుంది. బిడ్డ కొరికిన బిస్కెట్ నోట్లో వేసుకుంటుంది. ఒకే చెంచాతో ఇద్దరూ పెరుగు తింటారు. ఎవరి ఎంగిలీ తినకూడదని పట్టింపు ఉన్న ఇళ్లలోనూ కన్నబిడ్డ ఎంగిలికి ఆ పట్టింపు ఉండదు. ఈ తొమ్మిది నెలలూ మాత్రం పాటించండి. చెంచాలు, గ్లాసులు వేరుగా పెట్టుకోండి. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ముద్దు నుదుటిమీద పెట్టండి. ప్రేమ తగ్గించుకోనవసరం లేదు, లాలాజలానికి దూరంగా ఉంటే చాలు.

క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని స్కూల్ వాట్సాప్ గ్రూపులో కనిపిస్తే, మీకు చిన్నప్పుడు అది రాకుండా, టీకా కూడా వేయించుకోకుండా ఉంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. దీనికి తోడు, తల్లి గర్భవతి కాబట్టి పెద్దబిడ్డ టీకాలు ఆపాలని కొందరు అనుకుంటారు. ఆపకూడదు. బిడ్డ టీకాలు సమయానికి పడితేనే తల్లికీ రక్షణ.

అపోహ: ఒకసారి సిజేరియన్ అయితే రెండోసారీ సిజేరియనే.

కాదు. గర్భాశయం కింది భాగంలో అడ్డకోత పెట్టినవాళ్లు నార్మల్‌కి ప్రయత్నిస్తే, 100 మందిలో 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది. అది 100కి ఒకటికన్నా తక్కువ, కానీ జరిగితే తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం కావచ్చు. అందుకని ఎక్కడ ప్రయత్నిస్తున్నామన్నది చాలా ముఖ్యం. అర్ధరాత్రి అయినా ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉండే ఆస్పత్రి కావాలి. మొదటి ఆపరేషన్‌కీ ఈ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కన్నా తక్కువ ఉంటే ప్రమాదం పెరుగుతుంది. ఏ కాన్పు తర్వాతైనా మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది తల్లి శరీరం కోలుకోవడానికే.

మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి ఉంటే, ఈసారి తల కిందికి ఉన్నప్పుడు అవకాశాలు బాగుంటాయి. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ తేదీ అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. 39 వారాలు నిండకముందు, వైద్య కారణం లేకుండా బిడ్డని బయటికి తీయొద్దు. ఊపిరితిత్తులకి ఆ చివరి వారాలు కావాలి.

అపోహ: మొదటిసారి పద్దెనిమిది గంటలు నొప్పులు పడ్డాను, ఈసారీ టైమ్ ఉంటుంది.

నార్మల్ అయినవాళ్లకి రెండోసారి సాధారణంగా త్వరగా అవుతుంది. గర్భాశయ ముఖద్వారం తొందరగా తెరుచుకుంటుంది, బిడ్డని నెట్టే సమయమూ తగ్గుతుంది. ఎంత త్వరగా అన్నది ముందుగా చెప్పలేం. ఇంట్లో నుంచి బయలుదేరడం ఆలస్యమై సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కుంటే ఏం చేయాలన్నది ఈ ఊళ్లో ఉత్త ఊహ కాదు. రెండోసారి నొప్పులు క్రమంగా వస్తున్నాయనిపించగానే ఆస్పత్రికి ఫోన్ చేయండి, అయిదు నిమిషాలకొకటి వచ్చేదాకా ఆగకండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పులకోసం చూడకుండా బయలుదేరాలి. 108 నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

ఆ రాత్రి పెద్దబిడ్డ దగ్గర ఎవరుంటారన్నది ఎనిమిదో నెలలోనే తేల్చుకోండి. ఊరినుంచి అమ్మమ్మ వచ్చేది తొమ్మిదో నెల చివర్లో అయితే, ఆలోపు పక్క ఫ్లాట్‌వాళ్లో స్నేహితులో ఒకరికి తాళం చెవి ఇచ్చి ఉంచండి. బిడ్డ ఇప్పటిదాకా అమ్మ పక్కనే పడుకుంటుంటే, ఒక నెల ముందునుంచే నాన్న దగ్గర పడుకోవడం అలవాటు చేయండి.

అపోహ: పొట్టని చూసి ఆడో మగో చెప్పొచ్చు. ముందుకుంటే ఒకరు, పక్కలకుంటే ఇంకొకరు.

రెండోసారి పొట్ట కండరాలు అప్పటికే సాగి ఉంటాయి కాబట్టి పొట్ట త్వరగా, ముందుకి కనిపిస్తుంది. కదలికలు కూడా కొన్ని వారాలు ముందే తెలుస్తాయి. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణం నిర్ణయిస్తుంది. స్కానింగ్‌లో అడగడం, చెప్పడం రెండూ 1994 చట్టం ప్రకారం నేరం. మొదట ఆడపిల్ల పుట్టిన ఇళ్లలో రెండోసారి గర్భిణిమీద పడే ఒత్తిడి నేను కళ్లారా చూస్తున్నాను. ఆ మాటలు ఆమె చెవిన పడకుండా ఆపాల్సింది భర్తే.

అపోహ: అక్క అయింది కదా, ఇక పెద్దమనిషిలా ఉండాలి.

మూడేళ్ల బిడ్డ మూడేళ్ల బిడ్డే. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. పాలసీసా అడుగుతుంది. నాన్న అన్నం పెడితే తిననంటుంది. ఇది మొండితనం కాదు, తన చోటు ఉందో లేదో తెలుసుకోవడానికి బిడ్డకి తెలిసిన దారి అదే. కోప్పడితే ఇంకా పెరుగుతుంది. "తమ్ముడొస్తే నిన్నెవరు చూస్తారే" అని బంధువులు సరదాకి అంటారు. బిడ్డకి అది సరదా కాదు. మీ ఇంట్లో ఆ మాట అననివ్వకండి, ఎదుటివాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.

నెలలు లెక్కపెట్టడం చిన్నపిల్లలకి రాదు. "సంక్రాంతి అయ్యాక పాప వస్తుంది" అంటే అర్థమవుతుంది. కొత్త స్కూల్, వేరే మంచం, డైపర్ మాన్పించడం లాంటివి కాన్పుకి రెండు మూడు నెలల ముందే చేయండి, లేదా కాన్పయ్యాక ఇల్లు కుదుటపడేదాకా ఆగండి. రోజుకి పావుగంట, ఫోన్ పక్కన పెట్టి, పెద్దబిడ్డతో మాత్రమే ఆడండి. కాన్పు తర్వాత కూడా ఆ పావుగంట పోకూడదు.

అపోహ: రెండో బిడ్డకి ప్రసూతి సెలవు తక్కువ.

రెండో బిడ్డకీ 26 వారాలే. ఇద్దరు పిల్లలు ఉన్నవాళ్లకి ఆ తర్వాతి కాన్పుకే 12 వారాలు. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే, అర్హత ఉన్న కుటుంబాలకి ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 6,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో అడగండి. కర్ణాటకలో ఉంటూ ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకునేవాళ్లు తాయి కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు, తీసుకోవాలి. మీ ఊరు వేరే రాష్ట్రంలో ఉందని వెనకాడకండి.

అపోహ: కాన్పు అయిపోతే నొప్పులూ అయిపోతాయి.

రెండోసారి ఇక్కడే చాలామంది బెదిరిపోతారు. బిడ్డకి పాలు పట్టిన ప్రతిసారీ పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. మొదటిసారి ఇంత లేదే, లోపల ఏమైనా ఉండిపోయిందా అని భయపడతారు. ఒకసారి సాగిన గర్భాశయం మళ్లీ ముడుచుకోవడానికి ఎక్కువ బలంగా బిగుసుకోవాల్సి వస్తుంది. పాలు పట్టేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ దాన్ని ఇంకా బిగిస్తుంది. సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. పాలు పట్టే ముందు మూత్రానికి వెళ్లి రండి, కొంత తేలిగ్గా ఉంటుంది. పాలిచ్చే తల్లులు వాడగలిగే నొప్పి మందులు ఉన్నాయి, డిశ్చార్జ్ అయ్యేముందే అడిగి రాయించుకోండి. నొప్పితో పాటు జ్వరం, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం ఉంటే మాత్రం అది ఈ నొప్పి కాదు, వెంటనే ఆస్పత్రికి రావాలి.